సోయింకా నాటకం, మెథ్యూన్ స్టూడెంట్ ఎడిషన్: డబ్బులు పెట్టొచ్చా?

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, నైజీరియా నాటక రచయిత వోలే సోయింకా "డెత్ అండ్ ది కింగ్స్ హార్స్‌మన్" ఏ ఎడిషన్ కొనాలి, గైడ్ సరిపోతుందా, పీడీఎఫ్‌తో కానిచ్చేయొచ్చా అని. ఎంఏ ఇంగ్లీష్ పిల్లలు కొందరు, యూజీసీ నెట్ పరీక్షకి చదివేవాళ్ళు కొందరు, ఊరికే నాటకాల పిచ్చితో అడిగేవాళ్ళు ఒకరిద్దరు. నా దగ్గరున్నది మెథ్యూన్ వాళ్ళ స్టూడెంట్ ఎడిషన్, జేన్ ప్లాస్టో కామెంటరీ, నోట్సుతో వచ్చింది, దాని గురించే రాస్తున్నా. ముందే చెప్పేస్తా, కొనండి. గైడ్ల జోలికి మాత్రం పోకండి, ఎందుకో కింద చెప్తా.

పుస్తకం సంగతి ముందు. సన్నటి పేపర్‌బ్యాక్, బ్యాగులో ఓ మూలకి వేసుకుని తిరగొచ్చు. నాటకం ఎలాగూ పెద్దది కాదు, అయిదు రంగాలు, మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో ఆడాలని సోయింకానే రాసుకున్నాడు, చదవడం కూడా అలాగే ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. మన లెక్కలో రేటు కొంచెం ఎక్కువే, ఇంత సన్న పుస్తకానికి ఇంతా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. నాకు అమ్మిన ఆన్‌లైన్ సెల్లర్ ఎవరో గానీ ప్లాస్టిక్ కవర్లో పడేసి పంపాడు, అట్ట మూల మడత పడి వచ్చింది, అడిగితే రిప్లై లేదు. అది పుస్తకం తప్పు కాదు కాబట్టి స్టార్లు తగ్గించట్లేదు. క్యాంపస్‌ల దగ్గర జిరాక్స్ కాపీలు దొరుకుతాయి, వాటిలో పద్యం లైన్లు ఎక్కడ విరిగాయో తెలీకుండా మార్జిన్ కట్ అయిపోతుంది, ఈ నాటకానికి అది పెద్ద నష్టం, ఎందుకంటే ఇందులో ఎవరు పద్యంలో మాట్లాడుతున్నారు ఎవరు మామూలు వచనంలో మాట్లాడుతున్నారు అన్నదే సగం కథ.

కథ తెలీని వాళ్ళకి క్లుప్తంగా. నైజీరియాలో ఓయో అనే యోరుబా జాతివాళ్ళ రాజ్యం, బ్రిటిష్ వాళ్ళ పాలన, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. రాజు చనిపోయి నెల అయింది. ఆచారం ప్రకారం రాజుగారి గుర్రాల అధికారి ఎలెషిన్ ఆ రాత్రి తన ప్రాణం తనే వదిలి రాజు వెంట వెళ్ళాలి. ఎవరూ పొడవరు, విషం పెట్టరు, డప్పుల మోతకి ఆడుతూ ఆడుతూ మనసు బలంతో వెళ్ళిపోవాలి అంతే. జిల్లా అధికారి పిల్కింగ్స్‌కి విషయం తెలిసి అడ్డుపడతాడు. ఇదే అధికారి సాయంతో ఇంగ్లండ్ వెళ్ళి డాక్టరీ చదువుతున్న ఎలెషిన్ కొడుకు ఒలుండే తండ్రిని పాతిపెట్టడానికని తిరిగొస్తాడు, వచ్చి చూస్తే తండ్రి బతికే ఉన్నాడు. ఆ తర్వాతది చెప్పను.

ఇక్కడే గైడ్లు చేసే ఘోరం గురించి చెప్పాలి. ఏ గైడ్ తెరిచినా మొదటి ప్రశ్న "ఈ నాటకంలో సంస్కృతుల సంఘర్షణను చర్చించండి". ఇదేం చోద్యమండీ, సోయింకా పుస్తకం మొదట్లోనే ఒక పేజీ నోట్ రాసి మరీ మొత్తుకున్నాడు, దయచేసి దీన్ని సంస్కృతుల ఘర్షణ అని లేబుల్ కొట్టొద్దు, తెల్లవాడు ఇందులో జరగాల్సినదాన్ని ఎగదోసిన ఒక సంఘటన మాత్రమే, అసలు గొడవ ఎలెషిన్ లోపల జరుగుతోంది, బతికున్నవాళ్ళు చనిపోయినవాళ్ళు ఇంకా పుట్టనివాళ్ళు ఈ ముగ్గురి లోకాల్ని కలిపే దారి మీద జరుగుతోంది అని. ఇది 1946లో ఓయోలో నిజంగా జరిగినదాని మీద కట్టిన కథ అనీ, నాటకం అవసరం కొద్దీ కొన్నేళ్ళు వెనక్కి జరిపాననీ, అదే ఘటన మీద డ్యూరో లాడిపో అనే నాటకకర్త అప్పటికే యోరుబాలో "ఓబా వాజా" రాశాడనీ కూడా ఆ నోట్‌లోనే ఉంది. ఈ ఒక్క పేజీ చదవకుండా పరీక్ష రాసేవాళ్ళు వేలల్లో ఉంటారు.

మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది, చదవగానే సహగమనం గుర్తొస్తుంది, దాన్ని నిషేధించిన గవర్నర్ జనరల్ బెంటింక్, 1829 చట్టం, పిల్కింగ్స్ చేసింది మంచిదే కదా అని. ఆ పోలిక కొంత దూరం వరకే నడుస్తుంది. ఇక్కడ చావాల్సినవాడు నోరులేని ఆడపిల్ల కాదు, ఊళ్ళో అందరికన్నా దర్జాగా బతికినవాడు. మంచి బట్ట, మంచి తిండి, కోరిన స్త్రీ, ఏది చెయ్యి చాపితే అది ఇచ్చారు జీవితమంతా, ఎందుకంటే చివర్లో ఈ పని చేస్తాడని. ఆ బాకీ తీర్చే రోజున ఆయనకి ఈ లోకం మీద ఆశ చావలేదు. చనిపోవాల్సిన సాయంత్రం సంతలో ఒక అందమైన పిల్ల కనపడితే ఆమెతో పెళ్ళి కావాలంటాడు, ఆ పిల్ల సంతలో ఆడవాళ్ళకి పెద్ద అయిన ఇయాలోజా కొడుక్కి నిశ్చయమైన పిల్ల అయినా సరే. ఇయాలోజా ఒప్పుకుంటుంది, కాదనలేక, కానీ ఒప్పుకుంటూనే హెచ్చరిస్తుంది. కాబట్టి పోలీసులు వచ్చి ఆపారా, లేక ఆయన అప్పటికే ఆగిపోయి సాకు కోసం చూస్తున్నాడా? నాటకమంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది, జవాబు ఎలెషిన్ నోటితోనే చివరి రంగంలో వస్తుంది.

రెండు సీన్లు దగ్గరగా చూపిస్తా, పుస్తకం కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. రెండో రంగం పిల్కింగ్స్ బంగళాలో. గ్రామఫోన్‌లో టాంగో మోగుతోంది, మొగుడూ పెళ్ళాం డాన్స్ చేస్తున్నారు, ఒంటిమీద ఏముందీ అంటే పూర్వీకుల ఆత్మలు ఆవహించేటప్పుడు వేసుకునే ఎగుంగున్ వేషం, ఎగుంగున్ పెద్దల్ని అరెస్ట్ చేసినప్పుడు లాక్కొచ్చినవి, రాత్రి ఫ్యాన్సీ డ్రెస్ పార్టీకి బాగుంటాయని వేసుకున్నారు. సార్జెంట్ అమూసా రిపోర్ట్ ఇవ్వడానికొచ్చి గుమ్మంలోనే బిగుసుకుపోతాడు. ఆయన ముస్లిం, అయినా చావు యూనిఫాం వేసుకున్న మనిషితో చావు గురించి ఎలా మాట్లాడను అని నోరు తెరవడు, చివరికి కాగితం మీద రాసిచ్చి పోతాడు. అదే ఇంట్లో పనివాడు జోసెఫ్ క్రిస్టియన్, వాడికి ఆ వేషం చూసి ఏమీ అనిపించదు. ఒకే ఊరివాళ్ళు, ఇద్దరూ మతం మారినవాళ్ళు, రెండు రకాల స్పందన. "సంస్కృతుల సంఘర్షణ" అనే డబ్బాలో దీన్ని ఎలా పెడతారు చెప్పండి.

మూడో రంగం ఇంకా రుచి. ఎలెషిన్‌ని పట్టుకోడానికి అమూసా ఇద్దరు కానిస్టేబుళ్ళని వెంటేసుకుని సంతకి వస్తాడు. ఆడవాళ్ళు లోపలికి పోనివ్వరు. స్కూలుకెళ్ళే ఆడపిల్లలు దూరి వాళ్ళ టోపీలు లాఠీలు లాక్కుని, తెల్లదొరలు పార్టీల్లో ఎలా మాట్లాడుకుంటారో ముక్కుతో పలుకుతూ ఇమిటేట్ చేస్తారు, వాతావరణం గురించి, విస్కీ గురించి, నేటివ్‌లు భలే విశ్వాసం గలవాళ్ళండీ అంటూ. ఆ మధ్యలో ఒక పిల్ల హఠాత్తుగా "సార్జెంట్!" అని దొర గొంతుతో అరుస్తుంది, అమూసా ఆలోచించకుండా అటెన్షన్‌లో నిలబడి "ఎస్ సర్!" అనేస్తాడు. సంతంతా నవ్వు. చదువుతూ నేను పగలబడి నవ్వాను, ఒక్క క్షణం తర్వాత నవ్వు కాస్త ఇబ్బందిగా మారింది, మన ఆఫీసుల్లో ఆ "ఎస్ సర్" రోజూ వింటాం కదా. ఇంత కామెడీ అయిన రెండు పేజీల్లోనే ఎలెషిన్ సమాధి స్థితిలోకి వెళ్ళే నాట్యం మొదలవుతుంది, గొంతు మారిపోతుంది. పద్య నాటకం మీద చెవి ఉన్నవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది, గద్యం నుంచి పద్యంలోకి ఎక్కడం దిగడం మనకి అలవాటే.

మొదటి రంగంలో ఎలెషిన్ చెప్పే "నాట్-ఐ" పిట్ట కథ కూడా గట్టిగా చదవండి, నోటితో, లోలోపల కాదు. చావు పిలుపు వచ్చిందంటే రైతు నేను కాదంటాడు, వేటగాడు నేను కాదంటాడు, వేశ్య నేను కాదంటుంది, అందరూ తలుపులేసుకుంటారు. నా ఇంటి కప్పు మీద వాలితే మాత్రం భయపడకుండా నీ గూటికి పో అని పంపించేశా అని గొప్పలు పోతాడు ఎలెషిన్. అంత అందంగా గొప్పలు చెప్పినవాడు తర్వాత ఏమయ్యాడన్నదే కథ కాబట్టి ఈ పాట చెవిలో ఉండాలి.

ఇప్పుడు ఈ ఎడిషన్‌లో నాకు బాగా పనికొచ్చిన భాగం, సోయింకా కెరీర్. కామెంటరీలో వచ్చే వివరాలకి నేను వేరేచోట చదివినవి కలిపి చెప్తున్నా, ఎందుకంటే అది తెలిస్తే నాటకం ఇంకోలా చదువుతాం. 1934లో అబెయోకుటాలో పుట్టాడు, ఇబాదాన్‌లో చదివి 1954లో ఇంగ్లండ్ లీడ్స్ యూనివర్సిటీకి వెళ్ళాడు, అక్కడ షేక్‌స్పియర్ మీద పెద్ద పేరున్న విల్సన్ నైట్ పాఠాలు విన్నాడు, ఆ తర్వాత లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో ప్లే రీడర్, అంటే వచ్చిన స్క్రిప్టులు చదివి ఏది బాగుందో చెప్పే పని. కొత్త బ్రిటిష్ నాటకం పుడుతున్న కాలం అది, సరిగ్గా ఆ ఇంట్లోనే ఉన్నాడు. 1959లో అక్కడే ఆయన "ది ఇన్వెన్షన్" ఆడించారు.

రాయల్ కోర్ట్‌లోనే ఇంకో ముచ్చట ఉంది, ముచ్చట అనకూడదు, బాధాకరమైనది. 1959లో కెన్యాలో బ్రిటిష్ వాళ్ళ హోలా నిర్బంధ క్యాంపులో పదకొండు మంది ఖైదీల్ని కొట్టి చంపారు, ముందు అధికారులు తాగిన నీళ్ళ వల్ల చనిపోయారని చెప్పారు. దాని మీద రాయల్ కోర్ట్ వాళ్ళు అప్పటికప్పుడు అల్లే పద్ధతిలో ఒక ప్రదర్శన పెడితే అందులో ఉన్న ఒక కుర్ర నటుడు టైముకి స్టేజి ఎక్కనన్నాడు. తోటి నటుడు నచ్చచెప్పినా, పట్టి లాగినా స్టేజి పక్కనుండే వింగ్‌లోంచి రానని మొండికేశాడు. ఆ చావుల్ని మేం అనుకరించడం ఏంటి అన్న ఇబ్బంది. ఆ కుర్రాడు సోయింకానే, 1986లో నోబెల్ ఉపన్యాసం మొదలుపెట్టిందే ఈ సంగతితో. ప్రపంచమంతా వింటున్న రోజున లండన్ స్టేజి వింగ్‌లో నిలబడిపోయిన రాత్రి గురించి చెప్పాడంటే, ఈయన లండన్‌కి రుణపడి ఉన్నాడా కోపంగా ఉన్నాడా అన్నదానికి రెండూనే జవాబు అనిపిస్తుంది నాకు.

1960లో నైజీరియాకి తిరిగెళ్ళాడు, దేశమంతా తిరిగి ఆచారాలు వేషాలు పండగలు చూశాడు, "1960 మాస్క్స్" అని ట్రూప్ పెట్టాడు. స్వాతంత్ర్య వేడుకలకి "ఎ డాన్స్ ఆఫ్ ది ఫారెస్ట్స్" రాశాడు, అందులో మన పూర్వీకులు గొప్పవాళ్ళు అని పొగడకుండా వాళ్ళూ బానిసల్ని అమ్మారు, వాళ్ళూ లంచాలు తిన్నారు అని పెట్టాడు, పండగ రోజున ఎవరికి నచ్చుతుంది. 1965లో లండన్‌లో కామన్వెల్త్ ఆర్ట్స్ ఫెస్టివల్‌కి "ది రోడ్", 1966లో రాయల్ కోర్ట్‌లో "ది లయన్ అండ్ ది జ్యూయెల్". అదే కాలంలో ఇబాదాన్‌లో రేడియో స్టేషన్‌లోకి దూరి ముఖ్యమంత్రి ప్రసంగం టేపు తీసేసి వేరే టేపు పెట్టారని కేసు, కోర్టులో విడుదలయ్యాడు. 1967లో అంతర్యుద్ధం మొదలయ్యాక అరెస్ట్, 1969 దాకా జైలు, ఎక్కువ భాగం ఒంటరి సెల్లులో. ఇదంతా జరిగాకే కేంబ్రిడ్జ్ చర్చిల్ కాలేజ్‌లో ఫెలోగా 1973-74లో ఉన్నప్పుడు ఈ నాటకం రాశాడు. మెట్ల మీద చర్చిల్ విగ్రహం రోజూ కనపడేదట, దాన్ని తోసేసి పగిలితే చూడాలనిపించేదని, అదే నాటకానికి నిప్పు రాజేసిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఏడాది అక్కడ ఆఫ్రికన్ సాహిత్యం మీద ఆయన ఉపన్యాసాలు ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో కాకుండా సోషల్ ఆంత్రొపాలజీ వాళ్ళ దగ్గర జరిగాయి, ఆఫ్రికావాడి సాహిత్యం అప్పటికి వాళ్ళ లెక్కలో సాహిత్యం కాదు మరి.

లెక్క చూడండి ఇప్పుడు. కేంబ్రిడ్జ్‌లో రాసిన నాటకం 1975లో పుస్తకంగా వచ్చింది. 1976లో నైజీరియాలోని ఇఫె యూనివర్సిటీలో మొదటిసారి ఆడారు, 1979లో షికాగో, 1987లో న్యూయార్క్ లింకన్ సెంటర్, వీటికి ఆయనే డైరెక్టర్. బ్రిటన్‌లో మాంచెస్టర్ రాయల్ ఎక్స్చేంజ్ థియేటర్‌కి 1990లో వచ్చింది, అప్పటికి నోబెల్ వచ్చి నాలుగేళ్ళు. లండన్ నేషనల్ థియేటర్ ఒలివియర్ స్టేజి ఎక్కేసరికి 2009, రూఫస్ నారిస్ డైరెక్షన్‌లో, నోన్సో అనోజీ ఎలెషిన్‌గా, నల్లజాతి నటులే ముఖానికి తెల్లరంగు పూసుకుని పిల్కింగ్స్ లాంటి దొరల పాత్రలు వేశారు. నవ్వించే "లయన్ అండ్ జ్యూయెల్" ని 1966లోనే పిలిచి ఆడించిన ఊరికి, తమ జిల్లా అధికారి చిన్నగా కనపడే ఈ నాటకాన్ని తెచ్చుకోడానికి అంతకాలం పట్టింది. అదే నేషనల్ థియేటర్ 1973లో పాత గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ "బాకే" తిరగరాయమని ఈయన్నే అడిగింది, ఓల్డ్ విక్‌లో వేశారు కూడా, ఆ ప్రొడక్షన్ ఆయనకి నచ్చలేదు. ఆఫ్రికాకి బ్రిటన్‌కి మధ్య వారధి అని ఈయన గురించి రాస్తుంటారు, నాకైతే ఆ మాట ఒప్పదు, వారధి మీద రాకపోకలు రెండువైపులా ఒకే వేగంతో ఉండాలి కదా. లండన్ ఆయనకి స్టేజి పనితనం ఇచ్చింది, ఆయన దాన్ని తీసుకెళ్ళి యోరుబా డప్పు పక్కన పెట్టాడు, తిరిగి తీసుకొచ్చినప్పుడు లండన్ తనకి కావల్సినంతే తీసుకుంది.

కామెంటరీ గురించి. ప్లాస్టో లీడ్స్‌లో ఆఫ్రికన్ థియేటర్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, రాత సాఫీగా ఉంటుంది, యోరుబా లోక భావన గురించిన భాగం చాలా ఉపయోగం, లేకపోతే ఆ మూడు లోకాల మాట మనకి గాల్లో తేలుతుంది. కానీ దయచేసి ముందు నాటకం చదవండి, తర్వాతే కామెంటరీ. ముందే అది చదివితే ఒలుండే ఏం చేస్తాడో తెలిసిపోతుంది, నాలుగో రంగంలో అధికారి భార్య జేన్ పిల్కింగ్స్‌తో అతను మాట్లాడే మాటల పదును పోతుంది. ఆ సంభాషణలో ఆమె ఒక కెప్టెన్ కథ చెప్తుంది, రేవులో ఉన్న ఓడ జనానికి ప్రమాదమని తనతో సహా పేల్చేసుకున్నాడని, ప్రాణం అలా పారేసుకోకూడదు అంటుంది, ఒలుండేకి అది గొప్పగా అనిపిస్తుంది. ఈ ఒక్క చోట నాటకం ముగింపు మొత్తం దాగుంది.

ఫిర్యాదులు కూడా ఉన్నాయి, నాటకం మీదా ఎడిషన్ మీదా. పెళ్ళికూతురికి నాటకంలో ఒక్క డైలాగ్ కూడా లేదు. ఆమెని అడిగినవాడు లేడు. చివర్లో ఎలెషిన్ కళ్ళు మూసి రెప్పల మీద మట్టి వేసేది ఆమే, ఆ మౌనం స్టేజి మీద బలంగా ఉంటుందని కొందరంటారు, నిజమే కావచ్చు, నాకు మాత్రం ఇంత మాటకారి నాటకంలో ఆ పిల్లకి ఒక సామెత కూడా దక్కలేదే అనిపిస్తుంది. రాజుగారి గుర్రాలవాడి గౌరవం గురించి ఇంత రాసి సంతలో బుట్టలు మోసేవాళ్ళ సంగతేంటి అని బయోడున్ జెయిఫో లాంటి వామపక్ష విమర్శకులు అప్పట్లోనే అడిగారు, సోయింకా ఘాటుగా బదులిచ్చాడు కూడా, క్లాస్‌లో ఆ గొడవ మీద ఒక పీరియడ్ పెట్టుకుంటే బాగుంటుంది. ఎడిషన్ విషయానికొస్తే నోట్సులో తేలిక ఇంగ్లీష్ మాటలకి అర్థాలిచ్చి, కొన్ని సామెతల దగ్గర మాత్రం అక్కడ కావల్సినంత వివరణ లేదు. ఇయాలోజా మాటలు దాదాపు అన్నీ సామెతలే, తెలుగు పల్లెల్లో పెద్దవాళ్ళు మాట్లాడటం విన్నవాళ్ళు ఊహించి పట్టుకుంటారు, సిటీలో పెరిగిన పిల్లలు ఆగిపోతారు.

సినిమా చూస్తే చాలదా అని కూడా అడిగారు. నెట్‌ఫ్లిక్స్‌లో 2022లో వచ్చింది, "ఎలెషిన్ ఓబా", ఎక్కువ భాగం యోరుబాలోనే, ఒడున్లాడే అడెకోలా ఎలెషిన్‌గా, షాఫీ బెల్లో ఇయాలోజాగా. డైరెక్టర్ బియీ బండేలె. ఆయన కథ వేరే పోస్ట్‌కి సరిపోతుంది కానీ ఇక్కడ ఒక్కమాట, ఆయనా నాటక రచయితే, సోయింకా పాఠాలు చెప్పిన ఇఫెలోనే డ్రామా చదివి 1990లో లండన్ వెళ్ళాడు, రాయల్ కోర్ట్‌లో "మార్చింగ్ ఫర్ ఫౌసా", 1999లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి "ఒరూనోకో", నైజీరియా నవలాకారుడు చినువా అచేబే "థింగ్స్ ఫాల్ అపార్ట్" కి స్టేజి రూపం, ఆఖరికి అదే చర్చిల్ కాలేజ్‌లో ఫెలో కూడా. వాళ్ళ నాన్న రెండో యుద్ధంలో బర్మాలో పోరాడాడు, దాని మీద "బర్మా బాయ్" అని నవల ఉంది, మన ఇండియా దారిలోనే ఆ ఆఫ్రికా సైనికులు బర్మా వెళ్ళారు కాబట్టి అది చదవడం మనకి ఇంకా దగ్గర. 2022 ఆగస్టులో 54 ఏళ్ళకే పోయాడు, సెప్టెంబర్‌లో టొరంటో ఫెస్టివల్‌లో సినిమా చూపించేటప్పటికి లేడు. సినిమా రంగులు, పాటలు, సంత బాగుంటాయి, యోరుబా శబ్దం వినడం కోసం చూడాల్సిందే. అయితే ఇంగ్లీష్‌లో సోయింకా ఎలెషిన్ నోట్లో పెట్టిన పద్యం బరువు సబ్‌టైటిల్‌లో రాదు. నా సలహా ముందు పుస్తకం, ఆ తర్వాత సినిమా, డప్పు ఎలా మోగుతుందో చెవికి తెలిశాక మళ్ళీ మూడో రంగం.

అట్ట తిప్పగానే వచ్చే అంకితం కూడా చూడండి, చాలామంది దాటేస్తారు. తన తండ్రి అయొడెలెకి ఇచ్చాడు, ఈ మధ్యే నాట్యమాడి పూర్వీకుల్లో కలిశాడు అని. తండ్రి కొడుకుల నాటకానికి ఆ అంకితం ఊరికే పెట్టింది కాదు.

ఎవరు కొనాలి అంటే, పరీక్ష ఉన్నవాళ్ళు ఇదే కొనండి. సోయింకా మిగతా నాటకాలు కూడా కావాలనుకునేవాళ్ళకి మెథ్యూన్ వాళ్ళదే "సిక్స్ ప్లేస్" సంపుటి ఉంది, ఇదీ అందులో ఉంటుంది, బ్రదర్ జెరో అనే మోసగాడు బోధకుడి నాటకాలు రెండూ ఉంటాయి, నోట్స్ ఉండవు, పాత పుస్తకాల షాపుల్లో దొరికితే వదలకండి. విమర్శ వ్యాసాలు కూడా కావాల్సిన రీసెర్చ్ వాళ్ళు సైమన్ గికాండి ఎడిట్ చేసిన నార్టన్ ఎడిషన్ వైపు చూడండి, రేటు ఇంకా ఎక్కువ, లైబ్రరీలో అడగడం మేలు. ఈ ఎడిషన్‌కి నా లెక్కలో అయిదుకి నాలుగు, ఆ తగ్గిన ఒకటి సామెతల నోట్సుకి. ఎవరి దగ్గరైనా 2009 నేషనల్ థియేటర్ షో ప్రోగ్రామ్ బుక్‌లెట్ ఉంటే ఫొటోలు పెట్టండి ప్లీజ్, ఆ తెల్లరంగు వేషాలు ఎలా ఉన్నాయో చూడాలని ఉంది.